ఏడో గ్రీన్ కుడిమూల

మార్చి నెలాఖరులో ఎర్చీ మెన్నీ షెడ్డులోంచి చిల్లుల యంత్రాన్ని బయటికి తీశాడంటే చాలు, పోర్ట్ లారిక్‌లో సగంమంది మగవాళ్ళు అతనితో మాటలు మానేస్తారు. మిగిలిన సగం మాట్లాడతారు గానీ, ఆ మాటలు వినడం కంటే చెవులు మూసుకోవడమే నయం. పాపం, వాళ్ళ బాధా బాధే. చలికాలమంతా కిటికీ అద్దాల్లోంచి వానను చూస్తూ, గోల్ఫ్ కర్రలు తుడిచి తుడిచి పెట్టుకున్నవాళ్ళు. తీరా కాస్త ఎండ మొహం కనిపించి మైదానానికి వచ్చేసరికి, గుంట చుట్టూ తివాచీలా నున్నగా ఉండాల్సిన గ్రీన్‌లన్నీ జల్లెడల్లా చిల్లులు పడి, పైన ఇసుక కప్పుకుని ఉంటాయి. బంతిని గుంటలోకి దొర్లిద్దామంటే అది చిల్లు చిల్లుకూ ఆగి దిక్కులు చూస్తుంది.

"ఏంటి ఎర్చీ, బంగాళాదుంపలు నాటావా? ఎప్పుడు తవ్వుతావేంటి?" అని ఒకడు.

"దుంపలు కాదురా, మా ఆవిడ కుట్టుమిషను వీడికి అరువిచ్చింది," అని ఇంకొకడు.

ఎర్చీ టోపీ వెనక్కి నెట్టుకుని, ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాటే మళ్ళీ చెప్పేవాడు. "మీరు ఏడాది పొడుగునా తొక్కుతారు. నేల బిగుసుకుపోతుంది. నీరు దిగదు, గాలి దిగదు, వేరు పైపైనే చస్తుంది. దానికీ ఊపిరాడాలి కదయ్యా." వినేవాడు తల ఊపి, వెళ్తూ వెళ్తూ ఓ బూతుమాట గాలిలోకి వదిలేవాడు.

పని మాత్రం చూడముచ్చటగా ఉండేది. యంత్రానికున్న బోలు మేకులు నేలలో దిగి, పైకి వస్తూ వేలంతేసి మట్టి బిరడాలను లాగి పడేస్తాయి. వాటిని ఊడ్చి ఎత్తేశాక పొడి ఇసుక చల్లుతారు. వెడల్పాటి చీపురుతో అటూ ఇటూ తోస్తే ఆ ఇసుక చిల్లుల్లోకి జారిపోతుంది. కొన్నాళ్ళకు పక్కల నుంచి గడ్డి వచ్చి మూతలు వేసేస్తుంది. ఆ చీపురు పని ఎర్చీ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఇసుక ఒక్కో చిల్లులోకి దిగి మాయమవుతుంటే ఆకలిగా ఉన్నవాళ్ళకు వడ్డిస్తున్నట్టు ఉంటుందనేవాడు.

అతని తండ్రీ తాతా చేపల పడవల వాళ్ళు. ఎర్చీని మొదటిసారి పడవ ఎక్కించిన రోజున, రేవు దాటకముందే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. రెండోసారీ అంతే. "వీడు సముద్రానికి పనికిరాడు. వెళ్ళి గడ్డి పీక్కోమనండి," అన్నాడు తండ్రి, రేవులో అందరి ముందూ. ఎర్చీ ఆ మాటే పట్టుకుని నిజంగానే గడ్డి పీకే పనిలో చేరాడు. ఆ కోపంతో తండ్రి చచ్చేదాకా మైదానం వైపు తొంగి చూడలేదు. అలాగని ఎర్చీ సముద్రానికి దూరంగానూ పోలేదు. మైదానం ఒడ్డుకు ఆనుకునే ఉంది. గాలి వీస్తే చాలు, ఉప్పు పెదాలకు తగులుతుంది.

ఎల్స్‌పెట్‌ను చేపలు పొగబెట్టే షెడ్డులో చూసి ఇష్టపడి చేసుకున్నాడు. అతను ఎంత నెమ్మదో ఆవిడ అంత గడుసు. "మా ఆయన నాలుక గడ్డి కింద ఎక్కడో పోగొట్టుకున్నాడు, దొరికితే చెప్పండి," అనేది నలుగురిలో. వాళ్ళకు ఒక్కడే కొడుకు, స్ట్రువాన్. నడక వచ్చిన దగ్గర్నుంచీ తండ్రి వెనకే తిరిగి, పెద్దయ్యాక తండ్రి దగ్గరే పనిలో చేరాడు. తుపానుకు ఏడో గ్రీన్ ఓ చెక్క కొట్టుకుపోయినప్పుడు, దాన్ని వెనక్కి జరిపి కొత్తగా కట్టింది వాడే. వాలు వాడు పెట్టిందే. అడుగున ఇసుక పొర వాడు వేసిందే. మోకాళ్ళ మీద పాకుతూ, అతుకు కనిపించకుండా పచ్చిక పలకలు పరిచింది కూడా వాడే. ఆ వాలు చూసి ఊళ్ళోవాళ్ళు మొదట తిట్టారు, తర్వాత చుట్టాలను తీసుకొచ్చి మరీ చూపించారు. ఎర్చీ వాడి ముందు ఒక్క మెప్పు మాట అనలేదు. ఇంటికెళ్ళి భార్యతో మాత్రం, "వీడు నన్ను మించిపోయాడే," అన్నాడు.

వాడు పోయింది ఓ జనవరి పొద్దున. ట్రాక్టరుకు ఇసుక ట్రాలీ తగిలించుకుని బయల్దేరుతుంటే బాట బురద బురదగా ఉంది. "బాట వద్దురా, దిగబడుతుంది. గుట్ట వాలు మీంచి పో," అన్నాడు ఎర్చీ. వాలు మీద రాత్రి పేరుకున్న మంచు ఇంకా కరగలేదు. ట్రాక్టరు పక్కకు జారి బోర్లా పడింది. ఎర్చీ పరుగెత్తుకు వెళ్ళేసరికి ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. దాని కింద వాడిలో ప్రాణం లేదు.

"ఎటునుంచి వెళ్ళమన్నావు?" అని ఎల్స్‌పెట్ ఒక్కసారే అడిగింది. ఎర్చీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టి, పళ్ళెం తీసి మొహాన కొట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. దహనం అయ్యాక అస్థికల పెట్టె ఇంటికి వచ్చిన రోజున మాత్రం ఆవిడ వంటగది బల్ల దగ్గర నిలబడి తేల్చి చెప్పింది.

"నీ మైదానంలో పెడతానంటే చంపేస్తాను. ఆ నేలే వాడిని నలిపి చంపింది. సముద్రంలో కలిపేసి రా. మావాళ్ళూ మీవాళ్ళూ అందరూ అక్కడే ఉన్నారు. నేను రాలేను, నావల్ల కాదు. నువ్వెళ్ళు. మాటివ్వు ఎర్చీ."

ఎర్చీ మాటిచ్చాడు.

మా తీరంలో గోల్ఫ్ పిచ్చి పట్టినవాళ్ళు చచ్చినా మైదానం వదలరు. మాటవరసకు అనడం లేదు. ఫలానా గ్రీన్ మీద నన్ను చల్లండని పెళ్ళాల దగ్గర ఒట్టు వేయించుకుని మరీ పోతారు. పాపం, ఆ విధవరాళ్ళు సాయంత్రం పూట చేతిసంచిలో డబ్బా దాచుకుని, కుక్కను తిప్పడానికి వచ్చినట్టు వస్తారు. కొందరి దగ్గర కుక్క కూడా ఉండదు. వాళ్ళను ఆపడం ఎర్చీ ఉద్యోగంలో భాగం. మనిషి బూడిద తడిస్తే సున్నంలాగా ఉప్పులాగా గడ్డిని కాల్చేస్తుంది. "అమ్మా, ఆయన ఆత్మ శాంతిస్తుందేమో గానీ నా గడ్డి చస్తుంది. ఆయన బతికుంటే గ్రీన్‌కి ఇంత పని చేయనిచ్చేవాడా, మీరే చెప్పండి," అని నచ్చజెప్పి, పక్కనున్న పొదల్లో చల్లించి, టీ ఇచ్చి పంపేవాడు. కన్నుగప్పి చల్లేసిపోయిన వాళ్ళను తెల్లారేసరికి చీపురుతో ఊడ్చి, నీళ్ళతో కడిగేసేవాడు. అలా ఎంతమంది పెద్దమనుషులను ఊడ్చాడో అతనికే గుర్తులేదు.

అలాంటివాడు పెట్టె పట్టుకుని రేవుగోడ చివరకు వెళ్ళి నిలబడ్డాడు. కింద నీళ్ళ మీద డీజిలు రంగులు రంగులుగా తేలుతోంది. ఎవరో పారబోసిన చేప పేగుల కోసం పక్షులు కొట్టుకుంటున్నాయి. ఎర్చీ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తనను రెండుసార్లు కక్కి బయట పడేసిన సముద్రం అది. దానికి కొడుకునెలా అప్పజెబుతాడు? రేపు ఏ ఒడ్డున ఉన్నాడని వెతుక్కుంటాడు? మూత బిగించి, మైదానం షెడ్డులో ఇసుక బస్తాల వెనక పెట్టె దాచి ఇంటికెళ్ళాడు.

"అయిపోయిందా?" అంది ఎల్స్‌పెట్.

"అయిపోయింది."

"నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయా?"

"ఉన్నాయి," అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడతో చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ రేవుగోడ చివరిదాకా నడిచివెళ్ళి, కాసేపు నిలబడి వచ్చేది. ఎర్చీ ఇంట్లో కూచుని, ఆవిడ తిరిగొచ్చేదాకా గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేవాడు.

ఆ మార్చిలో యంత్రం ఏడో గ్రీన్ మీదికి వచ్చింది. ఎర్చీ కింద పనిచేసే ఎక్ రెన్నీ నలభై దాటినవాడు, నోటి దురుసు ఉన్నా మనసు మంచిది. "ఎక్, దగ్గు పట్టుకుంది. ఊళ్ళోకి వెళ్ళి మందు పట్రా," అని అతన్ని సాగనంపి, ఎర్చీ షెడ్డులోంచి పెట్టె తెచ్చాడు. ఇసుక జల్లించే జల్లెడలోనే కొడుకును జల్లించాడు. ముద్దలు వేళ్ళతో చిదిపాడు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మనసు ఎక్కడుందో అతనికి తెలియదు.

మైదానంలో ఉన్న తొమ్మిది గ్రీన్‌ల మీదా పలచగా చల్లి ఉంటే గడ్డికి తెలిసేది కూడా కాదు. ఆ సంగతి మా తీరంలో ఎర్చీ కంటే బాగా తెలిసినవాడు లేడు. అలాగే చేద్దామని బయల్దేరాడు కూడా. తీరా పార ఎత్తేసరికి చెయ్యి ఆడలేదు. ఈ పారలో ఏముంది? చెయ్యా? కాలా? మొదటి గ్రీన్‌కి ఏది ఇవ్వాలి, తొమ్మిదో దానికి ఏది మిగలాలి? ట్రాక్టరు ఒకసారి నలిపినవాడిని తను మళ్ళీ ముక్కలు చేసి ఊరంతా పంచాలా? ఎర్చీ వెనక్కి వచ్చి, వాడిని మొత్తంగా ఏడో గ్రీన్ కుడిమూలకు ఇసుకలో కలిపి పోశాడు. చీపురు పట్టి, చిల్లు చిల్లుకూ తోశాడు. చివరి చిల్లు నిండాక మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. కొడుకు పోయాక అదే మొదటి ఏడుపు.

ఆ వసంతం మాత్రం అతను కాస్త మనిషయ్యాడు. పొద్దున్నే అందరికంటే ముందు ఏడో గ్రీన్ దగ్గరకు వెళ్ళి, "ఏరా, లేచావా?" అనేవాడు. వర్షం వస్తే తడుస్తున్నాడనుకునేవాడు. ఎండ కాస్తే నయమనుకునేవాడు. చిల్లులు పూడి గడ్డి మూతలు వేసింది. ఎవరికీ ఏమీ తెలియలేదు, గడ్డికి తప్ప.

జూన్‌లో కుడిమూల అరచేతి వెడల్పున పసుపు మచ్చ కనిపించింది. చూడగానే ఎర్చీకి అర్థమైంది. తొందర తొందరగా ఓ బకెట్ నీళ్ళు పోశాడు, మళ్ళీ ఆగిపోయాడు. బాగా కడిగితే బూడిద ఘాటు విరిగి గడ్డి బతుకుతుంది, కొడుకు మాత్రం ఇసుక పొర దాటి ఎటో పోతాడు. కడగకపోతే కొడుకు ఉంటాడు, గడ్డి చస్తుంది. రోజుకో చెంబుడు పోస్తూ, ఎటూ తేల్చుకోలేక వేసవి గడిపాడు. సముద్రపు నాచు కుళ్ళబెట్టి పోశాడు. విత్తనం చల్లాడు. మొలిచినట్టే మొలిచి ఎర్రబడి మాడిపోయింది. మచ్చ పళ్ళెమంత అయింది, బల్లంత అయింది, ఆకులు రాలేనాటికి ఆ మూలంతా బోడిగుండు అయి కూచుంది. ముప్పై ఏళ్ళు ఊరందరి బూడిదా ఊడ్చినవాడు, తన కొడుకు దగ్గరకొచ్చేసరికి పని మర్చిపోయాడు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు గానీ ఊరు నవ్వింది, విషయం తెలియక.

మైదానం కమిటీలో గ్రీన్‌ల బాధ్యత బాల్నీవ్స్‌ది. పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరి నోట్లోనైనా వేలు పెట్టే అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. చలికాలమంతా ఓపిక పట్టాడు, అది ఒప్పుకోవాలి. ఈ ఏడు మార్చి రాగానే, బయటి ఊరినుంచి గడ్డి సంగతులు తెలిసిన ఒకాయనను పిలిపించి మూల చూపించాడు. ఆయన చెంచాడు మట్టి తీసి చేతిలో నలిపి, బాల్నీవ్స్ చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

"బూడిదట ఎర్చీ," అన్నాడు బాల్నీవ్స్. "మనిషి బూడిద. చారెడో గుప్పెడో కాదు, మొత్తం మనిషిని గుమ్మరించారట. సిగ్గుండక్కర్లేదూ! నీ కళ్ళుగప్పి ఎవడు చేశాడయ్యా ఇంత పని?"

ఎర్చీ వంగి, మాడిన గడ్డిపోచ ఒకటి పీకాడు. "ఎవరైనా... చాలా ఇష్టమైనవాళ్ళే చేసి ఉంటారు సార్."

"ఇష్టమైతే ఇంట్లో పెట్టుకోవాలి. గ్రీన్ మీద తెచ్చి పోస్తారా? చెప్పేదేముంది, ఆ మూల మొత్తం పార లోతు తవ్వి తీసెయ్యి. తీసిన మట్టి ఒడ్డున కోతపడుతున్న గట్టు మీద పోయించు, అక్కడ వేస్తున్న రాళ్ళతోపాటు. కొత్త పచ్చిక పరిచెయ్యి. శనివారం మొదటి పోటీ ఉంది."

"ఇంకొక్క వేసవి ఇవ్వండి సార్. నేను బాగుచేస్తాను."

"ఓ వేసవి ఇచ్చాంగా."

"బాగా కడుగుతాను ఈసారి. నిజంగా కడుగుతాను."

"ఏంటయ్యా నువ్వు! ప్రతి ఏడూ నేల గుల్ల చేయాలని మామీద ఒంటికాలి మీద లేస్తావు, ఇవాళ గుప్పెడు చచ్చిన మట్టి తియ్యమంటే కొడుకుని అడిగినట్టు..." బాల్నీవ్స్ అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, క్షమించు. నా ఉద్దేశం అది కాదు. నోరు జారాను." మొహం కందిపోయి, పని మాత్రం రేపే కావాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం క్లబ్బులో గ్లాసు పట్టుకున్నవాడల్లా ఏడో గ్రీన్‌లో పాతేసిన మనిషెవరా అని పందేలు కాశాడు.

ఎర్చీ షెడ్డులో నూనె డబ్బా మీద కూచుండిపోయాడు. ఎక్ టీ కలిపి తెచ్చి చేతికిచ్చాడు.

"మేస్త్రీ, ఒకమాట చెప్పనా? బాల్నీవ్స్ గట్టు మీద పోయమన్నాడు గానీ, బండి ఎటు పోయిందో వచ్చి చూస్తాడా ఏంటి? గుట్ట వెనక ముళ్ళపొదలున్నాయి కదా. గాలి తగలదు, ఎవడూ తొక్కడు. మధ్యాహ్నం వెళ్ళి గొయ్యి తీసి పెట్టాను."

ఎర్చీ తలెత్తి చూశాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయినేడు నన్ను దగ్గుమందుకి పంపావు చూడు, అప్పట్నుంచి. నీకు దగ్గెక్కడుంది? ఆ సీసా ఇప్పటికీ అటకమీదే ఉంది, మూత తియ్యలేదు." ఎక్ మొహం పక్కకు తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు. "నాకూ వాడంటే ఇష్టమే మేస్త్రీ."

పొదల వెనక గొయ్యి. ఎర్చీ ఆ రాత్రి ఆ గొయ్యి గురించే ఆలోచించాడు. గ్రీన్ కాకపోయినా నేలే కదా. తన నేలే కదా. వాడు ఎక్కడున్నాడో తనకు తెలుస్తుంది, పొద్దున్నే వెళ్ళి పలకరించవచ్చు. పక్కన ఎల్స్‌పెట్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనే అనుకున్నాడు.

తెల్లారేసరికి సముద్రం మీంచి పొగమంచు వచ్చి మైదానాన్ని కప్పేసింది. ఎర్చీ పైన ఎండిన గడ్డి పొర చెక్కి పక్కన పెట్టి, కిందిమట్టి తవ్వడం మొదలుపెట్టాడు. నిరుటి చిల్లులు ఒక్కొక్కటీ తెల్లటి కడ్డీల్లా నిలబడి కనిపించాయి. వాటిని విరగ్గొట్టకుండా తియ్యాలని చూశాడు, కుదరలేదు. ఎక్ ఒంటిచక్రం బండి పట్టుకుని నిలబడ్డాడు. బండి నిండుతుండగా మంచులోంచి రబ్బరు బూట్ల చప్పుడు వచ్చింది. చేపల షెడ్డు ఆప్రాను మీదే కోటు తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని ఎల్స్‌పెట్ వచ్చి నిలబడింది. కొడుకు పోయాక ఆవిడ ఈ మైదానంలో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"నిన్న చేపల షెడ్డులో నా పక్కన కోసే మెగ్ చెప్పింది," అంది. "నవ్వుతూ చెప్పింది. ఏడో గ్రీన్‌లో ఎవరో నిండు మనిషిని గుమ్మరించారట, ఎర్చీకే తెలియలేదట అని. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉంటే చేతిలో కత్తి ఆగిపోయింది. ఎర్చీకి తెలియకుండా ఈ గడ్డి మీద ఈగైనా వాలుతుందా అనుకున్నాను. రాత్రంతా నువ్వు చెబుతావేమోనని చూశాను."

ఎర్చీ పార నేలకు గుచ్చి నిలబెట్టాడు.

"చెప్పు. వాడేనా?"

తల ఊపాడు.

ఆవిడ తవ్విన గోతిలోకి చూసింది. "అయితే ఇన్ని ఆదివారాలు నేను ఉత్త నీళ్ళతో మాట్లాడానన్నమాట."

"ఎల్స్‌పెట్, వాడు కట్టిన గ్రీన్ కదా ఇది, వాడికిష్టమని..."

"వాడికిష్టమా, నీకిష్టమా?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఏడాదిపాటు వాడిమీద బూట్లేసుకుని నడవనిచ్చావు. బాల్నీవ్స్ నడిచాడు. ఊళ్ళో తాగుబోతులంతా నడిచారు. నేను గోడ చివర నిలబడి, చలేస్తోందా నాన్నా అని అడుగుతుంటే, నువ్వు ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని నేను కాచిన సూపు తాగావు. ఒక్కసారైనా గొంతులో అడ్డుపడలేదా?"

అడ్డుపడింది. ప్రతి ఆదివారం అడ్డుపడింది. కానీ అది చెప్పుకోదగ్గ మాట కాదని ఎర్చీకి తెలుసు.

"బండి ఎటు పోతోంది?"

ఎక్ కళ్ళు ముళ్ళపొదల వైపు పోయి వచ్చాయి. ఆవిడకు అది చాలు.

"మళ్ళీనా?" అంది. వచ్చి బండి పిడులు పట్టుకుంది. "ఇలా వదులు."

"బరువక్కా, నేను తోస్తాను. నువ్వెక్కడికంటే అక్కడికే," అన్నాడు ఎక్.

"నువ్వు ముట్టుకోకు ఎక్. ఈయన్ని కూడా ముట్టుకోనివ్వకు. ఈయన చేతికిస్తే మళ్ళీ వెనక్కి తెస్తాడు."

ఎక్ టోపీ తీసి చేత్తో పట్టుకుని షెడ్డువైపు వెళ్ళిపోయాడు. ఆవిడ బండి తోసుకుంటూ గట్టు దాకా వెళ్ళింది. అక్కడ అలలు ప్రతి చలికాలం గట్టును కొరికి కొరికి తింటున్నాయి. మట్టి అలల్లోకి జారిన చప్పుడు వినిపించింది. ఖాళీ బండితో తిరిగొచ్చి అతని ముందు ఆపింది. నింపాల్సింది అతనే. ఎర్చీ తవ్వి నింపాడు. ఆవిడ మళ్ళీ తోసుకుపోయింది. ఊరు లేచేలోపు ఆ మూలంతా పని అలాగే సాగింది. అతను తవ్వుతాడు, ఆవిడ తీసుకుపోతుంది. బిడ్డ పుట్టినప్పుడు కూడా వాళ్ళిద్దరూ అంత కలిసి ఏ పనీ చేసి ఉండరు.

ఆఖరి బండి నిండింది. అడుగున ఇక పసుపుపచ్చటి శుభ్రమైన ఇసుక మాత్రమే మిగిలింది. ఆవిడ పిడులు ఎత్తబోయి ఆగింది.

"ఎర్చీ. పిడికిలి తెరువు."

పార వదిలిన అతని కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

"తెరువు."

చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళు వాటంతటవి విడలేదు, ఒక్కొక్కటిగా తెరవాల్సి వచ్చింది. లోపల గుప్పెడు బూడిదరంగు ఇసుక, చెమటకు తడిసి ముద్దగా ఉంది. ఎల్స్‌పెట్ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని బండి మీద వంచింది. బొటనవేలితో అరచేతి గీతల్లోంచి, వేళ్ళ సందుల్లోంచి, గోళ్ళ కింద నుంచి మొత్తం తుడిచింది. చిన్నపిల్లాడికి మట్టి చేతులు కడిగినంత ఓపిగ్గా తుడిచింది. ఎర్చీ ఏడుస్తున్నాడు. ఆవిడ అతని మొహం చూడలేదు.

"నాకూ ఉంచుకోవాలనే ఉండింది," అంది.

తర్వాత బండి తోసుకుంటూ మంచులోకి వెళ్ళిపోయింది. చక్రం కీచుమంటున్న చప్పుడు గట్టుదాకా వినిపించి ఆగింది. ఎర్చీ చాలాసేపు ఎదురుచూశాడు. ఆవిడ తిరిగి ఇటు రాలేదు, ఒడ్డు వెంటే నడుచుకుంటూ ఊళ్ళోకి పోయింది. ఖాళీ బండి తెచ్చుకోవడానికి అతనే వెళ్ళాల్సి వచ్చింది.